బెల్లం వేసిన మాల్ట్ మీద 'నో ఆడెడ్ షుగర్' అని వేయొచ్చా?

రాయగడ దగ్గర మహిళా సంఘం నడుపుతున్న ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. ముందు క్లుప్తంగా చెబుతాను. మొలకెత్తించిన చోళ్ల (రాగుల) పిండితో మాల్ట్ చేస్తున్నారు. కిలో మాల్ట్‌లో పావుకిలో బెల్లం పొడి, కాస్త పాలపొడి, యాలకులు పడతాయి. పంచదార పలుకు కూడా వేయరు. విశాఖలో సరుకు తీసుకుంటానన్న షాపాయన, కవరు మీద 'నో ఆడెడ్ షుగర్' అని ఉంటే బాగా పోతుందన్నాడట. ప్రెస్ వాళ్ల దగ్గర డిజైన్ కూడా రెడీగా ఉందట. వేయించొచ్చా? అల్లం పచ్చడి సీసా మీద 'నో ప్రిజర్వేటివ్స్' అని వేయొచ్చా? తెలుగులో, ఒడియాలో ఏమని రాయాలి?

మాల్ట్ మీద వేయించకండమ్మా. బెల్లం పడ్డాక ఆ మాట వాడుకునే వీలు లేదు. పచ్చడి మీద వేయొచ్చు గానీ, అందులో పడే ప్రతి సరుకూ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసుకున్నాకే. ప్రెస్‌కి అడ్వాన్స్ ఇవ్వకపోయి ఉంటే ఇది పూర్తిగా చదివేదాకా ఆగండి.

నేను పర్లాకిమిడిలో పొడులు, పచ్చళ్ల యూనిట్ పదహారేళ్లు నడిపాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో సంఘాల వాళ్లు అడిగితే లేబుళ్లు చూసి పెడుతుంటాను. నేను లా చదవలేదు. లేబుల్ విషయంలో ఒకసారి గట్టిగా దెబ్బతిని, అక్కణ్ణుంచి నేర్చుకున్నదే ఇదంతా. ఆ కథ పచ్చడి దగ్గర చెబుతాను.

మీ వాదన నాకు తెలుసు: 'మేం వేసింది బెల్లం కదండీ, షుగర్ కాదు కదా!' మన ఇళ్లలో పంచదార వేరు, బెల్లం వేరు. ఒకటి చెడ్డది, ఇంకోటి మంచిది. మీ ఒడియా పొరుగువాళ్లకీ అంతే, 'చిని' వేరు, 'గుడ' వేరు. కానీ లేబుల్ మీద 'షుగర్' అన్న ఇంగ్లీషు మాటకి అర్థం మన వంటింటి అర్థం కాదు. నిబంధనల ప్రకారం షుగర్స్ అంటే ఆహారంలో ఉన్న మోనోశాకరైడ్లు, డైశాకరైడ్లు అన్నీ, అంటే గ్లూకోజ్, సుక్రోజ్ లాంటి చిన్న చక్కెరలన్నీ. బెల్లంలో నూటికి ఎనభై పాళ్లకి పైనే చక్కెరలు, వాటిలో ఎక్కువ భాగం సుక్రోజ్. పంచదారలో ఉండేదీ అదే. మిగతాది కాస్త తేమ, కాస్త ఖనిజాలు, కాస్త రంగు, రుచి. ఇనుము ఉంటుందంటారు, ఉంటుంది, కాదనను. అయితే మాల్ట్‌లో ఇనుము కోసం బెల్లం వేస్తున్నామని మీరూ అనరు కదా, తీపి కోసమే వేస్తున్నాం.

ఇప్పుడు రూలు. దేశంలో ఆహార నిబంధనలు పెట్టేది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే కేంద్ర సంస్థ. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ప్రకటనలు, క్లెయిముల నిబంధనలు 2018లో వచ్చాయి. 'చక్కెర కలపలేదు' అని చెప్పుకోవడానికి వాటిలో ఉన్న షరతుల సారం ఇది. ఒకటి, ఏ రకం చక్కెరా కలపకూడదు: పంచదార, గ్లూకోజ్, తేనె, మొలాసిస్, కార్న్ సిరప్ వగైరా. బెల్లం ఆ వగైరాలోకి వస్తుంది. రెండు, చక్కెర వేసి చేసిన పదార్థం కూడా కలపకూడదు, అంటే జామ్, తీపి చాక్లెట్ ముక్కలు లాంటివి. మూడు, చక్కెర బదులు అదే పని చేసే తీపి పదార్థం కలపకూడదు: గాఢం చేసిన పళ్ల రసం, ఎండు పళ్ల గుజ్జు లాంటివి. నాలుగు, ఎంజైములు వేసి పిండి పదార్థాన్ని విడగొట్టడం లాంటి ఇంకో దారిలో చక్కెర పెంచకూడదు.

మూడో షరతు దగ్గర చాలామంది బోల్తా పడతారు. బరంపురంలో ఒకమ్మాయి ఖర్జూరం గుజ్జుతో లడ్డూలు చేసి 'నో ఆడెడ్ షుగర్' అని పెద్ద అక్షరాలతో వేసుకుంది. పంచదార లేదు, బెల్లం లేదు, తేనె లేదు. 'ఇంకేం కావాలి ఆంటీ?' అంది. ఖర్జూరం ఎందుకు వేశావమ్మా అని అడిగాను. 'తీపికి' అంది. ఆ మాటతో అయిపోయింది. ఇప్పుడు ఆ డబ్బా మీద 'ఖర్జూరంతో తీపి' అని ఉంటుంది. అమ్మకాలేం తగ్గలేదని తనే చెప్పింది.

నాలుగోది చూసి మీకు డౌట్ రావచ్చు. చోళ్లు మొలకెత్తినప్పుడు గింజలోని పిండి పదార్థం కొంత మాల్టోజ్‌గా విడిపోతుంది. మొలకల పిండి అంబలి మామూలు పిండి అంబలి కంటే పలచగా, కాస్త తియ్యగా ఉండేది అందుకే. అది గింజ తనంతట తాను చేసుకున్న పని, మీరు విడిగా ఎంజైము పొడి ఏదీ కొని కలపలేదు. కాబట్టి నా లెక్కలో అది అడ్డం కాదు. మీకు అడ్డం బెల్లమే.

ఇక లెక్క చూడండి. 100 గ్రాముల మాల్ట్‌లో 25 గ్రాముల బెల్లం. అంటే ఉజ్జాయింపుగా 20 గ్రాములకి పైనే చక్కెర. గ్లాసుకి రెండు చెంచాలు, అంటే 20 గ్రాముల పొడి అనుకుంటే అందులో 5 గ్రాముల బెల్లం, సుమారు ఒక టీస్పూను. పాలపొడిలో ఉండే లాక్టోజ్ దీనికి అదనం. అదీ చక్కెరే, కాకపోతే పాలల్లో సహజంగా ఉన్నది. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం కవరు వెనక పోషక విలువల పట్టికలో 'టోటల్ షుగర్స్' ఒక వరుస, 'ఆడెడ్ షుగర్స్' ఇంకో వరుస ఉండాలి. ల్యాబ్‌కి పంపి, మీ బెల్లం పాళ్లు చెప్పి ఆ పట్టిక వేయించుకున్నారనుకోండి. వెనక 'ఆడెడ్ షుగర్స్' ఎదురుగా ఇరవై చిల్లర గ్రాములుంటుంది, ముందు వైపు 'నో ఆడెడ్ షుగర్' అని ఉంటుంది. మీ కవరే మీమీద సాక్ష్యం చెబుతుంది. ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు శాంపిల్ తీయాల్సిన పని కూడా ఉండదు, కవరు తిప్పి చూస్తే చాలు.

రూలు పక్కన పెట్టినా నేను వద్దనడానికి ఇంకో కారణం ఉంది, నాకు అదే పెద్దది. మన తెలుగులో 'షుగర్' అంటే ఏమిటి? జబ్బు. 'ఆయనకి షుగరుంది', 'షుగర్ టెస్ట్ చేయించావా' అంటాం. కాఫీలో వేసుకునేది మాత్రం పంచదార. కాబట్టి ప్యాకెట్ మీద 'షుగర్' పక్కన 'నో' కనిపిస్తే మన మనిషి బుర్రలో 'పంచదార కలపలేదు' అన్న అర్థం రాదు, 'షుగర్ ఉన్నవాళ్లకి పనికొస్తుంది' అన్న అర్థం వస్తుంది. మధ్యలో ఉన్న 'ఆడెడ్' అన్న మాటని ఎవరూ చదవరు.

గుణుపురం సంతలో కళ్లారా చూశాను. ఒక సంఘం వాళ్ల బల్ల దగ్గర నిలబడి ఉన్నాను. రిటైరైన మాస్టారులా ఉన్నాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ప్యాకెట్ని ముక్కు దాకా తెచ్చుకుని చదివాడు. 'నో... షుగర్. అయితే మనకి పనికొస్తుంది' అని తనలో తను అనుకుంటూ మూడు ప్యాకెట్లు సంచీలో వేసుకున్నాడు. బల్ల వెనక అమ్మాయి చిల్లర లెక్కపెడుతోంది గానీ నోరు మెదపలేదు. వెనకవైపు ఆవగింజంత అక్షరాల్లో 'జాగరీ' అని ఉంది. నేనే ఉండబట్టలేక, 'మాస్టారూ, ఇందులో బెల్లం ఉందండీ' అన్నాను. ఆయన ప్యాకెట్ తిప్పి చూసుకున్నాడు. రెండు తీసి బల్ల మీద పెట్టేశాడు, ఒకటి మనవరాలికని ఉంచుకున్నాడు. ఆ అమ్మాయి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. బేరం చెడగొట్టానని కోపం, న్యాయమే. కానీ ఆయన ఆ మూడు ప్యాకెట్లూ రోజుకి రెండు గ్లాసుల చొప్పున తాగి, నెల తిరిగాక టెస్టు రిపోర్టు పట్టుకుని సంతకి వచ్చుంటే?

ఈ వరసలోనే ఇంకొకటి. బెల్లం తీసేసిన మాల్ట్ మీద కూడా 'షుగర్ వాళ్లకి మంచిది' అని రాయకండి. చోళ్లు మంచివే, నేనూ రోజూ అంబలి తాగుతాను. కానీ అదీ పిండి పదార్థమే, రక్తంలో చక్కెరని ఎంతోకొంత పెంచుతుంది. మెత్తటి పిండిని పలచగా కాస్తే తొందరగా అరుగుతుంది కూడా. పైగా జబ్బు నయమవుతుంది, తగ్గుతుంది అని ఆహారం మీద రాయడం నిబంధనలకి విరుద్ధం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో మధుమేహం పేరు పెట్టి మరీ ఉంది.

'షుగర్ ఫ్రీ' అయితేనో అని అడుగుతారేమో. అది ఇంకా కష్టం. 'నో ఆడెడ్' అన్నది మీరేం కలిపారో చెప్పే మాట. 'ఫ్రీ' అన్నది ప్యాకెట్లో ఏముందో చెప్పే మాట. దానికి అంకె ఉంది: 100 గ్రాములకి 0.5 గ్రాముకి మించి చక్కెర ఉండకూడదు. 'లో షుగర్' అనాలన్నా 100 గ్రాములకి 5 గ్రాములు దాటకూడదు. పాలపొడి పడ్డ ఏ మాల్టూ 'ఫ్రీ' కాలేదు. అన్నట్టు, 'ఫ్రీ' మాటతో మన సంతల్లో ఇంకో తంటా ఉంది. మా బంధువులమ్మాయి ఒకావిడ సీసాల మీద 'కెమికల్ ఫ్రీ' అని స్టిక్కర్ వేసింది. ఒక ముసలమ్మ సీసా కొని, డబ్బులిచ్చి, కదలకుండా నిలబడింది. ఏం కావాలమ్మా అంటే, 'ఆ ఫ్రీగా ఇస్తానన్నదేదో ఇవ్వవే' అంది.

మరి ఏం వేయాలి? నేనైతే ముందువైపు పెద్దగా 'బెల్లంతో చేసిన చోడి మాల్ట్' అని వేస్తాను. బెల్లం మీకు దాచుకోవాల్సిన విషయం కాదు, చెప్పుకోవాల్సిన విషయం. విశాఖ షాపాయనకి కావలసింది ప్యాకెట్ మీద ఒక మంచి మాట. 'బెల్లంతో' అన్నదాన్ని మించిన మంచి మాట ఆ ఊళ్లో ఏముంది, అనకాపల్లి పక్కన పెట్టుకుని! 'పంచదార వాడలేదు' అని కూడా చేర్చాలనిపిస్తే, దాని పక్కనే, అదే సైజు అక్షరాల్లో 'బెల్లం వాడాం' అని ఉండాలి. ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా వేస్తే మళ్లీ మోసం కిందికే వస్తుంది. ఒకదాని బదులు ఇంకోటి వాడినప్పుడు ఆ సంగతి సమానంగా కనబడేలా చెప్పాలన్నది కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లోనూ ఉంది. 'నో రిఫైన్డ్ షుగర్' అని వేసుకుంటున్నారు చాలామంది. దానికి పైన చెప్పినలాంటి కొలత ఏదీ లేదు, అందుకే నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఇంకో దారి ఉంది, మీకు అది బాగా నచ్చుతుందనుకుంటాను. రెండు ప్యాకెట్లు పెట్టండి. ఒకటి బెల్లం వేసింది, ఒకటి తీపి ఏమీ వేయనిది. రెండో దాని మీద 'నో ఆడెడ్ షుగర్' దర్జాగా వేసుకోండి. కింద 'సహజంగా ఉన్న చక్కెరలు ఇందులో ఉన్నాయి' అని ఒక వాక్యం కూడా వేయండి, పాలపొడి ఉంది కాబట్టి. మా దగ్గర అలా పెట్టినప్పుడు మొదట్లో తీపి లేనిది కదల్లేదు. మూడు నెలలకి అదే ఎక్కువ పోవడం మొదలైంది. చంటిపిల్లల తల్లులు, పెద్దవాళ్లున్న ఇళ్లవాళ్లు దాన్నే అడిగేవారు. మజ్జిగలో కలుపుకునేవాళ్లకీ అదే కావాలి. బెల్లం ధర పెరిగినప్పుడు మనకీ తేలిక.

ఇప్పుడు పచ్చడి సంగతి.

2011 నాటి ఆహార సంకలితాల (ఫుడ్ ఆడిటివ్స్) నిబంధనల్లో ప్రిజర్వేటివ్‌లని రెండు తరగతులు చేశారు. ఉప్పు, పంచదార, మసాలా దినుసులు, వెనిగర్, తేనె, వంట నూనె, ఇవి మొదటి తరగతి, వీటికి అడ్డు లేదు. బెంజోయిక్ ఆమ్లం, సల్ఫర్ డయాక్సైడ్, సార్బిక్ ఆమ్లం, వాటి లవణాలు రెండో తరగతి. పచ్చడి మీద 'నో ప్రిజర్వేటివ్స్' అని అందరూ రాసేది ఈ రెండో తరగతి గురించే. నిజానికి పచ్చడి అంటేనే నిలవ. ఉప్పూ నూనే పులుపూ దాన్ని నిలబెడుతున్నాయి. అందుకని ఊరికే 'నో ప్రిజర్వేటివ్స్' కంటే 'నో ఆడెడ్ క్లాస్ టూ ప్రిజర్వేటివ్స్' అన్నది కచ్చితమైన మాట. చదివేవాళ్లకి అది బొత్తిగా ఎక్కదనుకోండి. నేను ఇంగ్లీషులో అలా వేసి, తెలుగులో 'నిలవ మందులు కలపలేదు' అని వేసేదాన్ని.

దెబ్బతిన్న కథ ఇక్కడే. ఒక ఏడాది పెళ్లిళ్ల సీజన్లో ఆర్డర్లు మీద పడ్డాయి. చింతపండు నానబెట్టి, పిసికి, వడగట్టడానికి మనుషులు దొరకలేదు. జయపురం వైపు ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర గుజ్జు రెడీగా క్యాన్లలో దొరుకుతుందంటే తెప్పించాను. బిల్లు మీద 'చింతపండు గుజ్జు' అని ఒక్క ముక్క రాశాడు. నేనూ ఇంకేం అడగలేదు. సీసాల మీద ఎప్పటిలాగే 'నో ప్రిజర్వేటివ్స్'. రెండు నెలలకి ఒక షాపులో శాంపిల్ తీశారు. శాంపిల్ని నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు, ఒకటి ఫుడ్ అనలిస్టుకి వెళ్తుంది. రిపోర్టులో సోడియం బెంజోయేట్ అని వచ్చింది. మోతాదు లోపలే ఉంది, ఆహారం ప్రమాదకరం కాదు. తప్పల్లా లేబుల్‌ది. నేను కలపలేదని దేవుడి మీద ప్రమాణం చేయడానికి సిద్ధంగా ఉన్నాను, అది నిజం కూడా. ఇంటికొచ్చి గోడవున్‌లో ఖాళీ క్యాను వెతికితే, అడుగున సగం చిరిగిన చీటీ మీద 'ఐఎన్‌ఎస్ 211' అని ఉంది. సోడియం బెంజోయేట్ నంబరు అదే. చీటీ పట్టుకుని ఆ క్యాను మీదే కూర్చుండిపోయాను.

మిస్‌బ్రాండింగ్‌కి, అంటే లేబుల్ తప్పుగా ఉన్నందుకు, 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం సెక్షన్ 52 కింద జరిమానా 3 లక్షల దాకా ఉంటుంది. తప్పుదోవ పట్టించే ప్రకటన అయితే సెక్షన్ 53 కింద 10 లక్షల దాకా. మాకు అంత పడలేదు. ఇలాంటి కేసులు విచారించే ఏడీఎం (అదనపు జిల్లా మేజిస్ట్రేట్) గారి ఆఫీసు చుట్టూ నాలుగు వాయిదాలు తిరిగి, వేసినది కట్టాం. జరిమానా కంటే షాపులు తిప్పి పంపిన సీసాలే ఎక్కువ నష్టం. ఆ టెన్షన్‌లో రెండు నెలలు నిద్ర లేదు.

అందుకని మీరు చేయాల్సింది: పచ్చడిలో పడే ప్రతి కొన్న సరుకుకీ 'ఇందులో ఏం కలిపారు' అని అమ్మినవాళ్ల చేత రాయించుకోండి. సంతలో గిరిజనుల దగ్గర చింతపండు కొని మీరే పిసుక్కుంటే ఆ బాధ లేదు. అల్లం వెల్లుల్లి పేస్టు డబ్బాలో కొంటే ఉంది, అందులో తరచూ ఏదో ఒక ప్రిజర్వేటివ్ ఉంటుంది. పళ్ల గుజ్జులు, టమాటా ప్యూరీ, ఎండు పళ్లు కూడా అలాంటివే.

ఇక బెల్లం. అల్లం పచ్చడిలోనూ పడుతుంది కదా, మాల్ట్‌లోనూ పడుతుంది. బెల్లం పసుపుపచ్చగా, తెల్లగా మెరవాలని వండేటప్పుడు 'హైడ్రోస్' వేస్తారు, సోడియం హైడ్రోసల్ఫైట్. దాని తాలూకు సల్ఫర్ డయాక్సైడ్ (పైన చెప్పిన రెండో తరగతిదే) బెల్లంలో కిలోకి 70 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని పరిమితి. మీ మాల్ట్‌లో నాలుగో వంతు బెల్లం. పరిమితి అంచున ఉన్న బెల్లం కొన్నారనుకోండి, 70లో నాలుగో వంతు, పదిహేడున్నర మిల్లీగ్రాములు కిలో మాల్ట్‌లోకి వచ్చింది. సల్ఫైట్ కిలోకి 10 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉంటే కవరు మీద అలర్జీ సమాచారంలో రాయాలి. చూశారా, ముచ్చటగా మెరిసే బెల్లం కొనడం వల్ల వచ్చిన తిప్పలు! ముదురు రంగు బెల్లం తీసుకోండి. రంగు చూసి నిర్ధారణ చేసుకోలేం గానీ, మెరిసేదాన్ని అనుమానించడం మాత్రం మంచిదే. వీలైతే ఒక్కసారి ల్యాబ్‌లో చూపించండి.

'కలపలేదు' అన్న చిన్న మాట ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే 2015 గుర్తు తెచ్చుకోండి. ఆ జూన్‌లో మ్యాగీ నూడుల్స్ ఆపేయమని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన ఉత్తర్వులో సీసం గొడవతో పాటు 'నో ఆడెడ్ ఎంఎస్‌జీ' అన్న లేబుల్ కూడా ఒక అభ్యంతరం. ఎంఎస్‌జీ అంటే మోనోసోడియం గ్లూటమేట్, రుచి పెంచడానికి వేసే పొడి. విడిగా ఎంఎస్‌జీ కలపలేదని, ఉల్లిపొడి, వేరుశెనగ ప్రొటీన్ లాంటి వాటిలో గ్లూటమేట్ సహజంగానే ఉంటుందని కంపెనీ వాదన. ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. అయినా అప్పటికే దుకాణాల్లోంచి సరుకంతా వెళ్లిపోయింది. అంత పెద్ద కంపెనీకి లాయర్లున్నారు. మనకి ఎవరున్నారు?

మీరు అడక్కపోయినా షాపాయన రేపు అడగబోయే మాటలు కొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను.

'గ్లూటెన్ ఫ్రీ' అడుగుతాడు. గ్లూటెన్ అంటే గోధుమల్లాంటి వాటిలో ఉండే ప్రొటీన్. చోళ్లలో అది లేదు, నిజమే. కానీ ఆ మాటకి కిలోకి 20 మిల్లీగ్రాములకి మించకూడదన్న పరిమితి ఉంది. మీరు పిండి ఎక్కడ ఆడిస్తున్నారు? ఊళ్లో పిండిమరలో మీ ముందు వంతు గోధుమలది అయితే, మొదటి రెండు కిలోల చోడిపిండిలో గోధుమపిండి కలిసే వస్తుంది. సొంత మర ఉంటే తప్ప ఆ జోలికి పోకండి.

కారం, పసుపు పొడులు కూడా చేస్తే 'నో ఆడెడ్ కలర్' వేయమంటాడు. కారంలో రంగు కలపడమే నిషేధం. నిషేధించినదాన్ని కలపలేదని చెప్పుకోవడం గొప్పేం కాదు, పక్కవాళ్లంతా కలుపుతున్నారని చెప్పినట్టు. కోడెక్స్ కూడా ఇలాంటి క్లెయిముని ఒప్పుకోదు.

'100 శాతం' అన్న మాట అస్సలు వద్దు. 2024 జూన్‌లో పళ్లరసాల మీద '100 శాతం ఫ్రూట్ జ్యూస్' తీసేయమన్నారు, 2025 మే నెలలో ఆ '100 శాతం' అన్నదే ఏ ఆహారం లేబుల్ మీదా వాడొద్దని సలహా జారీ చేశారు. 'ప్యూర్' అన్నది ఒకే పదార్థం ఉన్నదానికి, తేనె లాంటిదానికి, అదీ ఏమీ కలపనప్పుడే. నాలుగు సరుకులు కలిసిన మాల్ట్ ఎంత శుభ్రంగా చేసినా 'ప్యూర్' కాదు. మీ బ్రాండు పేరులోనే 'నేచురల్', 'ప్యూర్' లాంటి మాట ఉంటే, ఇది బ్రాండు పేరు మాత్రమే, సరుకు స్వభావాన్ని చెప్పేది కాదు అనే ఇంగ్లీషు వాక్యం 3 మిల్లీమీటర్లకి తగ్గని అక్షరాల్లో వేయాల్సి రావచ్చు. మన పేరు మనమే కాదని చెప్పుకున్నట్టుంటుంది, చూడ్డానికి బాగోదు. పేరు ఇంకా ఖరారు కాకపోతే మార్చుకోండి.

చివరిగా భాష. కవరు మీద ఉండాల్సిన వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరిలో హిందీలో గానీ తప్పనిసరి. తెలుగు, ఒడియా అదనంగా వేసుకోవచ్చు, కానీ ఇంగ్లీషులో చెప్పినదానికి విరుద్ధంగా ఉండకూడదు. ఇక్కడే ప్రెస్ వాళ్లని నమ్మొద్దు. వాళ్లు ఫోన్లో వేసి అనువాదం తీస్తారు. 'చక్కెర జోడించబడలేదు' అని వస్తుంది. జోడించబడటం అన్న మాట మనిషి నోట ఎప్పుడైనా విన్నారా? నా దగ్గరికి వచ్చిన ఒక ఉసిరి పచ్చడి ప్రూఫ్ మీద 'నో ప్రిజర్వేటివ్స్'కి తెలుగు 'సంరక్షకులు లేరు' అని ఉంది. పాపం, అనాథ పచ్చడి.

తీపి లేని ప్యాకెట్ మీద తెలుగులో 'పంచదార, బెల్లం, తేనె ఏవీ కలపలేదు' అని రాయండి. 'షుగర్ లేదు' అని మాత్రం రాయకండి, ఆ మాట ఎటు పోతుందో పైన చెప్పాను. పేరు విషయంలో మూడూ వేయండి: ఇంగ్లీషులో రాగి మాల్ట్, తెలుగులో చోడి మాల్ట్, ఒడియాలో మాండియా. విశాఖలో రాగి అంటే చాలు, శ్రీకాకుళం, పార్వతీపురం వైపు చోళ్లంటేనే అమ్ముడుపోతుంది. ఒడియా ముక్క ప్రెస్‌కి ఇచ్చే ముందు మీ సంఘంలోనే ఒడియా ఇంటి మనిషి చేత పైకి చదివించండి. పైకి చదివితే తప్పు చెవికి దొరుకుతుంది, కంటికి దొరకదు.

సరుకుల జాబితా బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకి ఉండాలి. మీకు చోడిపిండి మొదటిది, బెల్లం రెండోది. బెల్లాన్ని 'జాగరీ' అని స్పష్టంగా రాయండి. 'నేచురల్ స్వీట్‌నర్' అని ముసుగు వేయొద్దు.

షాపాయన ఒప్పుకోకపోతే నా సమాధానం ఆయనకే చూపించండి. లేబుల్ తప్పయితే నోటీసు తయారుచేసిన మీకొక్కరికే రాదని, అమ్మిన తనకీ వస్తుందని చెప్పండి. సాధారణంగా అక్కడితో మెత్తబడతారు. ఒకవేళ ప్రెస్ వాళ్లు పాత డిజైన్‌తో కొన్ని కవర్లు ఇప్పటికే వేసేసి ఉంటే పారేయకండి. బెల్లం కలపకుండా ఒక విడత మాల్ట్ చేసి, వెనక సరుకుల జాబితా, పట్టిక ఉన్న చోట కొత్త స్టిక్కర్ వేసి, ఆ కవర్లు దానికి వాడేయండి.